తెగులునకు సాక్ష్యము: ఎర్విన్ ఫ్రింక్ స్మిత్ శాస్త్రజీవితము

వడలిపోయిన టమాటా మొక్క కాండమును నేలకు కొంచెము ఎత్తున వాడిగల కత్తితో అడ్డముగా కోసి, ఆ ముక్కను గాజుగ్లాసులోని తేటనీటిలో కోసిన మొగము మునుగునట్లు నిలిపి, గ్లాసును కదలింపక కొన్ని నిమిషములు వెలుతురున చూచుచుండినచో, ఆ కోతనుండి పాలచారలవంటి తెల్లని దారములు సన్నసన్నగా నీటిలోనికి దిగుట ఒక్కొక్కప్పుడు కన్నులకు కట్టినట్లు కానవచ్చును. నీరు చాలక వాడిన మొక్కనుండి కాని, శిలీంధ్రము పట్టి యెండిన మొక్కనుండి కాని ఇట్టి ధార వెలువడదు. మొక్కకు నీరు మోయు నాళములలో నిండి, వానిని మూసివేసి, పచ్చని చెట్టును నిలువున వాడ్చిన బాక్టీరియాల గుంపులే యా తెల్లని దారములు. చేని గట్టుమీదనే ఎవరైనను చేసి చూడదగిన యీ చిన్న పరీక్ష వెనుక ఒక పెద్ద వివాదమును, ఒక నిరాడంబరుని యావజ్జీవిత పరిశ్రమయు దాగియున్నవి. బాక్టీరియా మనుష్యునకును పశువునకును రోగము తెచ్చినట్లే మొక్కకును తెచ్చుననుట సుమారు నూటముప్పది యేండ్ల క్రిందట పండితులలో పెక్కురు ఒప్పుకొనని మాట. ఆ మాటను సందేహమునకు తావులేకుండ స్థాపించిన వారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశీయుడైన ఎర్విన్ ఫ్రింక్ స్మిత్.

ఆయన కృషి విలువ తెలియవలెనన్న, ఆయన రంగమున ప్రవేశించునాటికి లోకమున కేమి తెలిసియుండెనో ముందు విచారింపవలెను. 1845లో ఐరోపాలో బంగాళాదుంప పైరును నాశనము చేసి, ఐర్లండును ఘోరమైన కఱవుపాలు చేసిన తెగులునకు ఒక సూక్ష్మమైన బూజు కారణమని జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ నిరూపించిన పిమ్మట, మొక్కల వ్యాధులకు శిలీంధ్రములే మూలమను భావము విద్వాంసులలో వేరూనెను. 1876లో రాబర్ట్ కాక్ పశువుల దొమ్మరోగమునకును, 1882లో మనుష్యుల క్షయరోగమునకును బాక్టీరియాలు హేతువులని రుజువు చేసి వైద్యశాస్త్రమున కొక క్రొత్త మార్గము తెఱచెను. సరిగా ఆ కాలముననే, 1878లో, ఇల్లినాయి విశ్వవిద్యాలయమున థామస్ బరిల్ అను ఆచార్యుడు పియరు చెట్ల కొమ్మలను నిప్పు సోకినట్లు నల్లగా మాడ్చు తెగులులో అసంఖ్యాకములైన బాక్టీరియాలను కనుగొని, తరువాత ఆ రసమును ఆరోగ్యముగల చెట్లకు సూదితో గ్రుచ్చి తెగులును కలిగించి చూపెను. హాలండులో వాకర్ అను శాస్త్రజ్ఞుడు హయసింత్ పూలగడ్డలను కుళ్లించు పచ్చతెగులులోను, 1885లో న్యూయార్కు రాష్ట్రమున ఆర్థర్ అను నాతడు బరిల్ చెప్పిన పియరు తెగులులోను ఇట్టి సాక్ష్యమునే కూర్చిరి.

అయినను ఐరోపాలోని పెద్దలకు ఇది నమ్మశక్యము కాలేదు. వారి వాదము పైకి బలమైనదిగనే తోచుచుండెను. జంతువు శరీరమున రక్తము తిరుగుచుండును కావున క్రిమి ఒకచోట ప్రవేశించి అంతటను వ్యాపింపగలదు. మొక్కయందు అట్టి ప్రవాహము లేదు. మొక్క కణములకు గట్టి గోడలున్నవి. అంతటి చిన్నజీవి ఆ గోడలను భేదింపజాలదు. బాక్టీరియాలు పులుపును సహింపవు; మొక్కల రసమో తఱచు ఆమ్లమైనది. కావున కుళ్లిన మొక్కలో బాక్టీరియా కనబడినచో అది చచ్చినదానిని తినవచ్చినదే కాని చంపినది కాదని వారు తీర్పు చెప్పుచుండిరి. శవముచుట్టు గ్రద్దలు మూగినవని గ్రద్దలే చంపినవనవచ్చునా యని అడుగువాని ప్రశ్న వంటిది వారి ప్రశ్న. దానికి కోపముతో కాక సాక్ష్యముతో ఉత్తరము చెప్పవలసియుండెను.

స్మిత్ 1854 జనవరి 21వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని గిల్బర్ట్స్ మిల్స్ అను పల్లెలో జన్మించెను. బాల్యము గడచిన కొంతకాలమునకు కుటుంబము మిచిగన్ రాష్ట్రమునకు తరలిపోయి అచట వ్యవసాయము సాగించెను. పొలము పనులలో మునిగియుండుటచేత ఆయన చదువు ఆలసించి, ఉన్నత పాఠశాల ముగించునప్పటికి ఇరువదియాఱేండ్లు నిండెను. అయినను ఆ ఆలస్యము వ్యర్థము కాలేదు. ఆయన స్వయంకృషితో ఫ్రెంచి, జర్మను భాషలు నేర్చెను. మిత్రుడైన చార్లెస్ వీలరుతో కలిసి పొలములును అడవులును తిరిగి, మిచిగన్ రాష్ట్రపు మొక్కల పట్టికను 1881లో ప్రకటించెను. తరువాత ఆ రాష్ట్రపు ఆరోగ్యమండలిలో పనిచేయుచు, పట్టణములలో మురుగునీటి పారుదలకును మరణములకును గల సంబంధమును గూర్చి పరిశోధించెను. కాక్, పాస్టరుల సిద్ధాంతములు ఆయన కచటనే పరిచితములయ్యెను. మొక్కలను ప్రేమించినవాడును, మనుష్యుల అంటురోగములను లెక్కించినవాడును ఒక్కడే యగుట ఆ శాస్త్రమున కొక భాగ్యము. 1886లో మిచిగన్ విశ్వవిద్యాలయమున పట్టముపొంది, ఆ యేడే అమెరికా ప్రభుత్వపు వ్యవసాయశాఖలో వాషింగ్టను నగరమున ఉద్యోగమున ప్రవేశించి, నలువదేండ్లకు పైగా, మరణపర్యంతము, ఆ కొలువుననే గడపెను.

ఆయనకు మొదట అప్పగింపబడిన పని పీచ్ చెట్ల పచ్చతెగులు. డెలవేర్, మేరీలండు రాష్ట్రములలో ఈ తెగులు తోటలకు తోటలనే హరించుచుండెను. తెగులు సోకిన చెట్టునందు కాయ కాలమునకు ముందే పండి, తోలుమీదను కండలోపలను ఎఱ్ఱని చుక్కలు తేలును. పెద్దకొమ్మలనుండి పసుపువన్నె చిగుళ్లు పుల్లలకట్టవలె సన్నగా గుబురుగా పుట్టును. కొన్ని యేండ్లకు చెట్టు చచ్చును. నేలలో సారము తగ్గుటచేత ఇట్లగుచున్నదని పలువురు నమ్మి పొటాషు ఎరువులు వేయుచుండగా, స్మిత్ ఆ ఎరువులన్నియు సంవత్సరముల తరబడి వేసి చూచి, అవి తెగులును ఆపజాలవని తేల్చెను. తెగులు పట్టిన చెట్టు మొగ్గను తెచ్చి మంచిచెట్టునకు అంటుకట్టినచో మంచిచెట్టునకు ఆ తెగులే సోకుననియు, కావున నిది అంటువ్యాధి యనియు నిరూపించెను. కాని అంటించునది యేది? సూక్ష్మదర్శినిలో వేలకొలది తునుకలు పరీక్షించినను ఆయన కేమియు కానరాలేదు. సులభముగా ఏదో యొక క్రిమి పేరు ప్రకటించి కీర్తిగొనుట కవకాశముండియు, కారణము తనకు దొరకలేదని ఆయన స్పష్టముగా వ్రాసెను. స్మిత్ గతించిన ఆఱేండ్లకు, 1933లో, కుంకెల్ అను శాస్త్రజ్ఞుడు ఈ తెగులును ఒక దీపపుపురుగువంటి చిన్న కీటకము మోయుచున్నదని కనుగొనెను. కణకవచము లేని మిక్కిలి చిన్న బాక్టీరియాలు, ఫైటోప్లాస్మాలనబడునవి, ఇట్టి తెగుళ్లకు మూలములని 1967లో జపాను దేశీయులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కనుగొనిరి. మన పొలములలో నువ్వుపూవు ఆకుగా మాఱిపోవు వెఱ్ఱితెగులును, వంగమొక్క చిన్న చిన్న ఆకులతో గుబురెత్తి కాపుడిగిపోవు వెఱ్ఱితెగులును ఈ జాతివే. స్మిత్ తన సాధనములతో చూడజాలనిదానిని చూచితినని చెప్పలేదు. ఆయన తరువాతి విజయములన్నింటికిని ఈ నిజాయతియే పునాది యని నా నమ్మకము.

ఆ పరాజయమునుండి ఆయన నేర్చినది సాక్ష్యమునందలి కాఠిన్యము. కాక్ నిర్దేశించిన నియమములను ఆయన మొక్కల విషయమున ఏమాత్రము సడలింపక పాటించెను. తెగులున్న ప్రతి మొక్కలోను ఆ బాక్టీరియా ఉండవలెను; దానిని ఇతర జీవుల సాంకర్యము లేకుండ వేఱుచేసి, పోషకద్రవ్యమున పెంచవలెను; అట్లు పెంచినదానిని మంచిమొక్కకు ఎక్కించినచో అదే తెగులు పుట్టవలెను; ఆ మొక్కనుండి తిరిగి అదే బాక్టీరియా దొరకవలెను. వీనికి తోడు, బాక్టీరియా లేని శుద్ధమైన సూదితో అన్నే మొక్కలను అట్లే గ్రుచ్చి, అవి ఆరోగ్యముగా నిలిచినవని చూపిననే కాని ఆయన తృప్తిపడెడివాడు కాడు. ప్రతి దశకును ఛాయాచిత్రము తీసి, పలుచని తునుకలు కోసి రంగువేసి, బొమ్మలు గీసి భద్రపఱచెడివాడు.

1895లో ఆయన దోస, గుమ్మడి జాతి తీగలను వాడ్చు బాక్టీరియాను వర్ణించెను. ఆ తెగులు సోకిన తీగను కోసి, కోసిన రెండు మొగములను ఒకదానికొకటి తాకించి మెల్లగా ఎడముచేసినచో, వాని నడుమ సాలెపురుగు దారమువలె జిగురుపోగులు సాగును. 1896లో టమాటా, వంగ, బంగాళాదుంపలను ఒక్కుమ్మడిని వాడ్చు తెగులునకు కారణమైన బాక్టీరియాను ప్రకటించెను. ఈ వ్యాస మారంభమున గ్లాసులోని నీటిలో దిగిన తెల్లని దారములు ఈ బాక్టీరియావే. 1897లో క్యాబేజీని కుళ్లించు నల్లకుళ్లు తెగులు విచారణ వెలువడెను. దీనిని అయోవా రాష్ట్రమున పామెల్ అనునాతడు అంతకుముందే గుర్తించియుండెను. స్మిత్ దాని మార్గమును కనిపెట్టెను. తెల్లవాఱుజామున క్యాబేజీ ఆకు అంచున ముత్యములవలె వరుసగా నిలిచియుండు నీటిబొట్లను చూచినవారెల్లరకు అవి మంచుబిందువులనియే తోచును. నిజమునకు వానిలో పెక్కులు ఆకు తన జలరంధ్రములగుండ లోపలినుండి వెలిగ్రక్కిన నీరు. ఆ బొట్టులో బాక్టీరియా చేరినచో, ఆ బొట్టు తిరిగి లోనికింకునప్పుడు ఆ రంధ్రమే దానికి వాకిలి యగును. అచటినుండి ఈనెలలోనికి దిగి, అంచునుండి నడిమికి వలవలె నల్లని గీతలు గీయుచు పోవును. గోడను భేదింపనక్కఱలేదు, తెఱచియున్న ద్వారమే కలదు. పండితుల ఆక్షేపములలో ఒకటి ఇట్లు పొలములోని నీటిబొట్టుచేతనే పరాస్తమయ్యెను.

అయినను ఆ 1897లోనే జర్మనీలోని లైప్‌జిగ్ ఆచార్యుడు ఆల్‌ఫ్రెడ్ ఫిషర్ బాక్టీరియాలను గూర్చిన తన గ్రంథమున మొక్కలకు బాక్టీరియా వ్యాధులు లేనేలేవని ఉద్ఘాటించెను. స్మిత్ మౌనము వహింపలేదు. జర్మనీలోని బాక్టీరియా శాస్త్రపత్రికలోనే, 1899 మొదలు 1901 వఱకు, ఫిషర్ పెట్టిన ఒక్కొక్క ఆక్షేపమునకు ప్రయోగమును, ఛాయాచిత్రమును, కోసిన తునుకను చూపి ఉత్తరము వ్రాసెను. ఐరోపా విద్వత్తునకు ఎదురు నిలుచుటకు అమెరికా శాస్త్రజ్ఞులు ఇంకను జంకు కాలమది. మాటలు అప్పుడప్పుడు పదునెక్కినను, వాదమును గెలిపించినది పదును కాదు, సాక్ష్యము. ఆ తరువాత ఈ విషయమై తలయెత్తిన సందేహి లేకపోయెను.

వివాదము ముగిసినను పని ముగియలేదు. అప్పటివఱకు తెలిసినదంతయు ఒకచోట చేర్చి పరీక్షింపబూని, ఆయన ‘మొక్కల వ్యాధులతో బాక్టీరియాల సంబంధము’ అను బృహద్గ్రంథమును వాషింగ్టనులోని కార్నెగీ సంస్థ ద్వారమున 1905, 1911, 1914 సంవత్సరములలో మూడు సంపుటములుగా ప్రకటించెను. విద్యార్థుల కొఱకు 1920లో ఒక ప్రవేశగ్రంథమును వ్రాసెను. ఈ శ్రమలో ఆయనకు తోడైనవారిని గూర్చి తప్పక చెప్పవలెను. స్త్రీలకు ప్రయోగశాలల తలుపులు మూయబడియున్న ఆ రోజులలో ఆయన తన ప్రయోగశాలలో ఇరువదిమందికి పైగా స్త్రీలకు స్థానము కల్పించెను. ఇకముందు చెప్పబోవు కణితి తెగులు ప్రయోగములలో ఆయన కుడిభుజమైన నెల్లీ బ్రౌన్, ఆయనతో కలిసి పాస్టరు చరిత్రను ఫ్రెంచినుండి అనువదించిన ఫ్లారెన్స్ హెడ్జెస్, మొక్కల బాక్టీరియాలన్నింటిని గూర్చి 1930లో ప్రామాణికమైన కరదీపిక వ్రాసిన షార్లెట్ ఎలియట్ ఇత్యాదులు ఆ తరగతిలోనివారు. అదే వ్యవసాయశాఖలో పనిచేసిన క్లారా హాసె అనునామె 1915లో నిమ్మ, నారింజ చెట్ల గజ్జితెగులునకు కారణమైన బాక్టీరియాను నిరూపించెను. గూడూరు ప్రాంతపు నిమ్మతోటలలో కాయమీద గరుకైన గోధుమవన్నె పొక్కులను చూచి నిట్టూర్చు రైతునకు ఆ విదుషి పేరు తెలియకపోవచ్చును. ఆతనికి నేడు చెప్పబడు సలహా యావత్తు ఆమె కనుగొన్న సత్యము మీదనే నిలిచియున్నది.

స్మిత్ కీర్తి కిరీటమునకు మణివంటిది కణితి తెగులు పరిశోధన. పీచ్, ద్రాక్ష మొదలగు మొక్కలకు నేలమట్టమున, వేరును కాండమును కలియుచోట, గట్టి బుడిపెలు లేచి మొక్కను క్షీణింపజేయు తెగులొకటి కలదు. పారిస్ డైసీ అను చేమంతిజాతి పూలమొక్కల బుడిపెలతో ఆరంభించి, స్మిత్ తన సహచరుడు టౌన్‌సెండుతో కూడి ఏండ్ల తరబడి శ్రమించి, నిదానముగా పెరుగునదగుటచేత ఇతర జీవుల మఱుగున పడిపోవుచుండిన ఒక బాక్టీరియాను వేఱుచేసి, అదియే కణితికి హేతువని 1907లో ప్రకటించెను. ఇతర బాక్టీరియాలు కణములను చంపును. ఇది చంపక, వానిని అదుపులేక విభజింపజేయును. ఈ లక్షణము చూచి ఆయన మనస్సు మనుష్యుల పుట్టకురుపు (క్యాన్సరు) వైపునకు మరలెను. 1913లో అమెరికా వైద్యసంఘము మొక్కల పుట్టకురుపును గూర్చిన కృషికై ఆయనను గౌరవించెను. ఆ యేడే ఆ దేశపు జాతీయ విజ్ఞాన పరిషత్తు ఆయనను సభ్యునిగా నెన్నుకొనెను. మనుష్యుల పుట్టకురుపునకును ఇట్టి పరాన్నజీవియే మూలమై యుండునని ఆయన పెట్టుకొన్న ఆశ ఫలింపలేదు. కాని ఆయన వేసిన ప్రశ్న మాత్రము ఫలించెను. బాక్టీరియాను తొలగించిన తరువాతను కణితి పెరుగుట ఎట్లని ఆర్మిన్ బ్రౌన్ 1940లలో విచారించెను. ఆ శక్తి బాక్టీరియాలోని ఒక వలయాకారపు డి.ఎన్.ఎ.లో నున్నదని బెల్జియములోని గెంట్ నగరపు శాస్త్రజ్ఞులు 1974లో కనుగొనిరి. అందలి ఒక ఖండము మొక్క కణములోని డి.ఎన్.ఎ.తో కలిసిపోవుచున్నదని అమెరికాలో మేరీ డెల్ చిల్టన్ బృందము 1977లో నిరూపించెను. తన జన్యువులను మొక్కలోనికి పంపగల యీ జీవిని ఉపకరణముగా చేసికొని, మనకు కావలసిన జన్యువులను మొక్కలలో ప్రవేశపెట్టు విద్య 1983 నాటికి రూపొందెను. 2002లో మన దేశమున అనుమతి పొంది తెలుగునాట విస్తారముగా సాగైన బి.టి. ప్రత్తికి మూలమైన మొక్కను సృజించినది కూడ ఈ బాక్టీరియా సహాయముననే.

ఈ ఘనతలన్నియు చూడకయే ఆయన 1927 ఏప్రిలు 6వ తేదీన వాషింగ్టనులో కన్నుమూసెను. భార్య షార్లెట్ 1906లో మరణింపగా, ఆమె స్మృతికై ఆయన 1915లో ఒక కవితాసంపుటిని అచ్చువేయించెను. సూదిని, సూక్ష్మదర్శినిని పట్టిన చేయి అంతటి ఆర్ద్రమైనది. ఆయన జీవించియుండగనే శాస్త్రజ్ఞులు ఒక బాక్టీరియా ప్రజాతికి ఆయన పేరుమీదుగ ‘ఎర్వినియా’ యని నామకరణము చేసిరి. బరిల్ 1878లో చూచిన పియరు తెగులు బాక్టీరియా కూడ నేడు ఆ పేరుననే వ్యవహరింపబడుచున్నది.

మన అన్నపుముద్దకును ఈ చరిత్రకును గల బంధమును చెప్పి ముగించెదను. క్యాబేజీని నల్లగా కుళ్లించు బాక్టీరియాకు దగ్గఱిచుట్టమొకటి వరిని ఆశ్రయించుకొనియున్నది. జపానులోని ఫుకువోకా ప్రాంతపు రైతులు దానివలని తెగులును 1884లోనే గుర్తించిరి. క్యాబేజీలో వలెనే ఇదియు ఆకు అంచులనున్న జలరంధ్రములగుండ ప్రవేశించును. కావుననే వరియాకు కొననుండి, అంచులవెంట అలలు అలలుగా పసుపువాఱి ఎండును. తెల్లవాఱుజామున ఆ ఆకుమీద పసుపువన్నె జిగురుబొట్లు నిలిచి, ఎండయెక్కిన పిమ్మట చిన్న గింజలవలె గట్టిపడును. 1963లో బీహారులో నిది విజృంభించి వరిచేలను పాడుచేసెను. 1986లో బాపట్ల పరిశోధనాస్థానమునుండి వెలువడి, సన్నని గింజచేత తెలుగువారి ప్రతి యింట ఆదరము పొందిన సాంబమసూరి ఈ తెగులునకు సులభముగా లొంగునది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధనాకేంద్రమును, వరి పరిశోధనాసంస్థయు చేయిగలిపి, తెగులును నిలువరించు మూడు జన్యువులను సంకరము ద్వారమున సాంబమసూరిలో చేర్చి, గింజ గుణము చెడకుండ, 2008లో మెఱుగుపఱచిన సాంబమసూరిని రైతులకిచ్చెను. ఆ మూడింటిలో నొకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవివరినుండి వచ్చినది. శత్రువెవరో ఒకరు నిస్సందేహముగా నిరూపించియుండకపోయినచో, ఆ శత్రువును గుర్తించి నిలుపు జన్యువును వెదకవలెనన్న తలంపే పుట్టియుండదు.

కాని మన పల్లెలలో నేటికిని మొక్క వాడగనే దుకాణమునకు పరుగెత్తి, దుకాణదారుడిచ్చిన మందును తెచ్చి చల్లుట మాననివారు పెక్కురు. శిలీంధ్రమునకు పనిచేయు మందులలో పెక్కులు బాక్టీరియాపై పనిచేయవు. పురుగును చంపునది యీ రెంటిలో దేనిని చంపదు. నీటి యెద్దడికి వీనిలో నేదియు మందు కాదు. డబ్బు పోవును, నేల చెడును, తెగులు మిగులును. పీచ్ తోటలో ఏండ్ల తరబడి వెదకి, కారణము దొరకలేదని వ్రాయుటకు జంకని ఆ మహనీయుని చరిత్ర చదివినవారు ఒక్క నియమము పాటింపవలెనని నా ప్రార్థన: మందు పేరడుగుటకు ముందు తెగులునకు కారణమడుగుడు, వాడిన మొక్కను వేరుతో పెఱికి దగ్గఱి పరిశోధనాస్థానమునకు గాని, వ్యవసాయాధికారి కడకు గాని తీసికొనిపొండు, వారు చెప్పినదానికి సాక్ష్యమేమని కూడ వినయముతో అడుగుడు.